మేత చూసే ఆంటీ

మొన్న ఆదివారం టొరంటో శివారు ఎటోబికోలో ఆంటీ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. చర్చి హాల్లో మడత కుర్చీలు వేసి, ముందు బల్ల మీద ఆవిడ ఫోటో పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా ప్రార్థన చేసేవారన్నారు. చేపల పులుసు ఆవిడలా వండేవాళ్ళు ఒంటారియోలోనే లేరన్నారు. అక్కడిదాకా నాకు పేచీ లేదు. చివర్లో వాళ్ళమ్మాయి లేచి, మా అమ్మ అందరినీ నమ్మేది, ఎవరిలోనూ చెడు చూసేది కాదు అని ఇంగ్లీషులో చెప్పి ఏడ్చింది. నేను వంగి షూ లేసు సరిచేసుకున్నాను. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు మీద నాకు అనుమానమే.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలి, కాదనను. కానీ ఆవిడ మంచితనం అది కాదు. అంత అనుమానపు మనిషిని నేను మరొకరిని చూడలేదు. కొత్త నంబరు నుంచి ఫోనొస్తే, పాస్టరు గారినైనా సరే, పోయిన ఆదివారం ఏ వాక్యం మీద ప్రసంగించారో అడిగి, జవాబు సరిపోయాకే "వందనాలండీ" అనేవారు. మా ఇంటికొస్తే టీ పెట్టకముందు పాల డబ్బా మూత తీసి వాసన చూసేవారు. డబ్బా మీది తేదీ చూపిస్తే, "ఆ తేదీ వేసినోడు పాలు తాగి చూసి వేశాడా?" అనేవారు. చర్చిలో భోజనాలప్పుడు ఏ గిన్నె ఎవరింటి నుంచి వచ్చిందో తెలిస్తే తప్ప గరిటె ముట్టేవారు కాదు. కారులో జీపీఎస్ కుడికి తిరగమంటే "ఎందుకంట?" అనేవారు. నేను అది చెప్పినట్టే తిరిగేవాణ్ణి.

ఆ హాల్లో ఉన్నవాళ్ళలో ఆవిడ ఉద్యోగం ఎందుకు మానేశారో తెలిసినవాళ్ళు లేరు. మోకాళ్ళ నొప్పుల వల్ల అనుకుంటున్నారు. నాకు తెలుసు. నన్ను మాట్లాడమన్నారు గానీ, కాఫీ వేళ అయిందని తప్పించుకున్నాను. అక్కడ చెప్పనిది ఇక్కడ చెప్తాను.

ఆవిడది దివిసీమలో సముద్రం పక్క పల్లె. నాది హన్మకొండ. మేం కలిసింది మిల్టన్ అవతల, కొత్త టౌన్‌హౌసుల వరసలు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట, ఒక చిన్న గ్యాస్ ప్లాంటులో. మొక్కజొన్న కంకులు కోసుకున్నాక మిగిలే చొప్పని, గ్యాస్ కోసమే పెంచే ఒక రకం పొడుగు గడ్డిని ముక్కలు చేసి, పేడనీళ్ళతో కలిపి, గాలి తగలని వెచ్చటి ట్యాంకులో వేస్తాం. లోపలున్న సూక్ష్మజీవులు దాన్ని తిని గ్యాస్ వదులుతాయి. దాన్ని శుభ్రం చేసి పైపులోకి పంపితే ఎవరింట్లోనో పొయ్యి వెలుగుతుంది. గోబర్ గ్యాస్ తెలిసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. మాది పెద్ద ఫ్యాక్టరీ కాదు, ట్యాంకు మహా అయితే రెండు గదులంత ఉంటుంది. ఇది నడుస్తుందని చూపిస్తే పెద్దది కడతామని కంపెనీ మాట. నేను ట్యాంకు చూసుకునే ఇంజనీరుని. ఆంటీ గేటు దగ్గర, వచ్చే మేత చూసేవారు.

మేత అన్నది ఆవిడ మాటే. ట్యాంకుని గేదె అనేవారు. "గేదె ఎట్టా ఉంది బాబూ? నెమరేస్తందా?" అన్నది పొద్దున్నే మొదటి ప్రశ్న. అంతకు ముందు బ్రాంప్టన్‌లో ఒక ఫుడ్ ప్యాకింగ్ కంపెనీలో చాలాకాలం క్వాలిటీ చెక్ చేశారు. ప్యాకెట్లు విప్పి చూసీ చూసీ, లోకంలో మూత వేసి ఉన్న ప్రతిదీ లోపల ఏదో దాస్తోందని తీర్మానించుకున్నారు. నేను చేరిన కొత్తలో నన్నూ చెక్ చేశారు. వరంగల్లో ఉన్న ఎవరో చుట్టాల అల్లుడికి ఫోన్ చేసి, నేను చదివానని చెప్పిన కాలేజీ నిజంగా ఉందో లేదో కనుక్కున్నారు. మర్నాడు నాతో, "కాలేజీ అయితే ఉందంట" అన్నారు. నేను అందులో చదివానో లేదో ఇంకా తేలలేదన్నట్టుంది ఆ చూపు.

లారీ వచ్చి ఆగితే ఆవిడ పని చూడాలి. పసుపు రంగు కోటు, చెవులు మూసే ఉన్ని టోపీ, దాని మీద హెల్మెట్. చూడటానికి చొప్ప కట్ట పైనుంచి ఎప్పుడూ తీసేవారు కాదు. "పైన ఎవడైనా మంచిదే పెడతాడు" అనేవారు. గ్లవుజు తీసేసి, చెయ్యి మోచేతిదాకా కట్ట మధ్యలోకి దూర్చి, గుప్పెడు చొప్ప లాగి, గట్టిగా పిడికిలి బిగించి వదిలేవారు. అరచేయి తడి అయిందా, ఉండ విడిపోయిందా అని చూసేవారు. తర్వాత వాసన. ఆ తర్వాత ఒక ముక్క నోట్లో వేసుకొని నమిలి, పక్కకు తిరిగి ఉమ్మేవారు. ఎంత మంచి సరుకైనా ఆవిడ నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే, "పర్లేదు." బాగుందని ఎన్నడూ అనలేదు. ఒక పంజాబీ డ్రైవరు ఆ మాట నేర్చుకొని, లారీ ఆపగానే కిటికీలోంచి తల పెట్టి, "ఆంటీజీ, పర్లేదు?" అని అడిగేవాడు. "ఇంకా చూడందే ఎట్టా చెప్తా?" అని ఆవిడ తెలుగులోనే కసిరేవారు. అతను తల ఊపేవాడు.

నేను బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతల. రోజూ నా కారులోనే వచ్చేవారు. మొదటిసారి మా బేస్‌మెంట్‌కి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోలేదు. గోడలు, కిటికీ, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ గది చూసి, పైకప్పుకున్న పొగ అలారం బటన్ నొక్కమన్నారు. నొక్కాను. మోగలేదు. మూత తీస్తే లోపల బ్యాటరీ లేదు.

"ఎన్నాళ్ళ నుంచి పడుకుంటన్నావు ఇక్కడ?" అన్నారు.

"చేరినప్పటి నుంచీ ఇంతే ఆంటీ. పనిచేస్తదనే అనుకున్న."

"అనుకున్నావు" అన్నారు, అదొక జబ్బు పేరయినట్టు. అప్పటికప్పుడు పైకి వెళ్ళి ఇంటి ఓనరు తలుపు కొట్టి, అతను భోజనం మధ్యలోంచి లేచి వచ్చి బ్యాటరీ వేసి, అలారం చెవులు పగిలేలా మోగేదాకా అక్కడే నిలబడ్డారు. ఫర్నేస్ పొగ లోపలికి తంతే నిద్రలోనే పోయేవాణ్ణి అని నాకు అప్పుడు తట్టింది. అందుకే చెప్తున్నాను, ఆవిడ అనుమానమంటే నాకు విసుగూ ఉండేది, దాని నీడలో భద్రంగా ఉన్నట్టూ ఉండేది. ఆవిడంటే నాకు చాలా ఇష్టం.

ఆవిడ అనుమానాల్లో పెద్దపీట ఒక ముసలి రైతుది. ఆయన పొలం హైవేని ఆనుకొని ఉండేది కాబట్టి "రోడ్డు పక్కాయన" అనేవారు. ఆయన ఆవుల్ని అమ్మేసి, పాడి ఎత్తేసి, మా కంపెనీ మాట మీద సగం పొలంలో ఆ పొడుగు గడ్డి వేశాడు. స్విచ్‌గ్రాస్ అంటారు దాన్ని. వేసిన ఏడాదే చేతికొచ్చే పంట కాదు. వేళ్ళు లోతుకు దిగి, దుబ్బు కట్టి, నిండుగా కోతకు రావడానికి మూడేళ్ళు పడుతుంది. కొనేది మేమొక్కళ్ళమే. మేం వద్దంటే ఆ గడ్డిని చుట్టుపక్కల అడిగే దిక్కులేదు. రాబోయేది మొదటి నిండు కోత. ఈలోగా మిగతా సగంలో వేసిన మొక్కజొన్న చొప్పని మాకు తోలేవాడు.

మనిషి మాట తక్కువ. అడిగినదానికి అవును, కాదు, సరే. ఆంటీకి అదే పట్టుకుంది. "నోరు తెరవనోడి కడుపులో ఏముందో ఎట్టా తెలుస్తది?" అనేవారు. అలాగని మాట్లాడేవాళ్ళంటే నమ్మకమా అంటే అదీ లేదు. మా మేనేజరు గుడ్ మార్నింగ్‌కి ముందే నవ్వే మనిషి. "పొద్దున్నే అంత నవ్వెందుకయ్యా ఆయనకి?" అని ఆయన మీదా ఒక కన్నేసే ఉంచారు.

ఆ ఏడాది కోతలప్పుడు వానలు వదల్లేదు. రోడ్డు పక్కాయన పొలం పల్లం. ఆయన కట్టలు చెమ్మగా వచ్చాయి. ఆంటీ పిడికిలి విప్పి నాకు చూపించారు, అరచేయి మెరుస్తోంది.

"తూకం పెరగడానికి నీళ్ళు కొట్టాడు" అన్నారు.

"వాన పడ్డది కదా ఆంటీ."

"వాన ఆయన పొలంలోనే పడిందా? మిగతావాళ్ళవి పొడిగానే వచ్చినయ్యిగా."

"వాళ్ళవి మెరక పొలాలు."

"నువ్వు చూశావా?"

నేను చూడలేదు. తిప్పి పంపేద్దామని ఆవిడ పట్టుబట్టారు. ట్యాంకులో ఎలాగూ నీళ్ళతో కలిపే వేస్తాం కదా, కాస్త తడైతే నష్టమేముందని మేనేజరు దించుకోమన్నాడు, నవ్వుతూ. ఆంటీ దించుకున్నారు గానీ, ఆ కట్టల్ని మిగతావాటితో కలపనివ్వలేదు. యార్డులో ఒక మూల విడిగా పేర్పించారు.

చలికాలం మధ్యకొచ్చేసరికి గ్యాస్ తగ్గడం మొదలైంది. ఒక్కసారిగా కాదు. ఒక వారం కొద్దిగా, మరో వారం ఇంకొద్దిగా. ట్యాంకు వెచ్చదనం చూశాను, బాగుంది. కలిపే పంకా చూశాను, తిరుగుతోంది. పైకప్పు అంచుల వెంట సబ్బునీళ్ళు రాసి బుడగలొస్తాయేమోనని చలిలో వేళ్ళు కొంకర్లు పోయేదాకా చూశాను, ఎక్కడా లీకు లేదు. మేత తగ్గిస్తే కాస్త తేరుకునేది, మళ్ళీ వేస్తే మళ్ళీ డీలా. లోపలి నీళ్ళు పులిసిపోతున్నాయి. ఏదో పడటం లేదు, ఏదో తెలియదు.

ఆ చలికాలం మా ప్లాంటులో ఎవరూ ఎవరినీ సరిగా చూడలేదు. ఆంటీ అనుమానం అందరికీ అంటుకుంది. గ్యాస్ మీటరు తప్పు చూపిస్తోందని కొన్నాళ్ళు అనుకున్నాం. పేడ ఇచ్చే డెయిరీవాళ్ళు ఆవులకి కొత్త మందులేవో వాడుతున్నారని కొన్నాళ్ళు. వారాంతం షిఫ్టు టెక్నీషియన్ మేత వేయకుండానే వేసినట్టు చెప్తున్నాడని కొన్నాళ్ళు. అతను నన్నే అనుమానించాడని తర్వాత తెలిసింది. ఒకరోజు కారులో ఆంటీ సీటు బెల్టు రెండోసారి లాగి చూసుకుంటూ, "నువ్వేమన్నా కొత్తగా కలుపుతున్నావా బాబూ అందులో?" అని అడిగారు.

"నేనెందుకు కలుపుత ఆంటీ?"

"ఎందుకో నాకేం తెలుసు. అడిగా, అంతే."

కోపం రాలేదు గానీ, ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నా నోట్సన్నీ మళ్ళీ చూసుకున్నాను. నిజంగానే ఏమైనా కలిపానేమోనని. ఇంట్లో పాల డబ్బా వాసన చూడటం అప్పుడే మొదలుపెట్టాను. ఇప్పటికీ పోలేదు ఆ అలవాటు.

చివరికి మేనేజరు నవ్వడం మానేసి, ట్యాంకు నీళ్ళని అన్ని పరీక్షలకీ బయటి ల్యాబుకి పంపాడు. మేం మామూలుగా చూసుకునే పరీక్షల్లో లేనిది అందులో తేలింది. ఉప్పు. ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. ఉప్పెక్కువైతే గ్యాస్ చేసే సూక్ష్మజీవులు తిండి మానేస్తాయి. పైగా చొప్ప పొడి సరుకు కాబట్టి, బయటికొచ్చిన పిప్పిని పిండి ఆ నీళ్ళనే మళ్ళీ కలపడానికి వాడతాం. లోపలికి వెళ్ళిన ఉప్పుకి బయటికి దారి లేదు, పేరుకుంటూ పోతుంది.

యార్డులో అందరి కట్టల నుంచీ శాంపిళ్ళు తీశాను. మిగతా రైతుల చొప్పలో ఉప్పు జాడ లేదు. రోడ్డు పక్కాయన చొప్పలో ఉంది. ఇంకేం కావాలి? చలికాలం హైవే మీద మంచు కరగడానికి లారీలు ఉప్పు పోస్తూ పోతాయి. వెనకొచ్చే బళ్ళు ఆ ఉప్పునీళ్ళని పక్కనున్న వాటి మీదికి చిమ్ముతాయి. ఆయన పొలమూ, చలికాలమంతా విడతలుగా మాకు తోలే కట్టలు దాచే కొట్టమూ ఆ రోడ్డు ముఖానే ఉన్నాయి. అంతా అతికినట్టు సరిపోయింది.

"చెప్పలా?" అన్నారు ఆంటీ. ఆ రోజు ఇంటికెళ్ళేటప్పుడు కారులో చర్చి పాటొకటి సన్నగా పాడారు. ఆవిడ పాడతారని నాకు అప్పటిదాకా తెలియదు. మేనేజరు రోడ్డు పక్కాయనకి ఫోన్ చేసి, మీ పొలంలోకి ఉప్పు వస్తోంది, ఇకమీదట మీ చొప్పగానీ గడ్డిగానీ తీసుకోలేం, చాలా విచారంగా ఉంది అని చెప్పాడు. ఆయన సరే అన్నాడట. ఒక్క ప్రశ్న అడగలేదట.

"చూశావా, తప్పు చేసినోడు అడగడు" అన్నారు ఆంటీ.

ఫైలు కోసం ఆయన కొట్టంలోంచి కూడా ఒక శాంపిల్ ఉంటే బాగుంటుందని మేనేజరు అన్నాడు. ఎవరో తెస్తే ఆంటీ నమ్మరు కదా. "నా చేత్తో నేనే తీస్తా" అని శనివారం నన్ను బయల్దేరదీశారు. ఏప్రిల్ నెల, మంచు కరిగి దారంతా బురద. ముందే ఫోన్ చేసి అనుమతి అడిగితే, దానికీ సరే అన్నాడట ఆయన. కొట్టం తలుపు తీసే ఉంది, మనిషి లేడు. వెనక పొలంలో ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తోంది. ఇటుపక్క హైవే మీద లారీలు పోతుంటే రేకులు అదురుతున్నాయి.

ఆంటీ గ్లవుజు తీశారు. రోడ్డు వైపున్న కట్టలోంచే మొదట లాగారు. నోట్లో వేసుకొని నమిలారు. ఆగారు. ఉమ్మేసి, పక్క కట్టలోంచి ఇంకోటి తీశారు. తర్వాత కింది వరసలోంచి, పై వరసలోంచి, చివరికి రోడ్డుకి మరీ దగ్గరగా, బురద చిమ్మి ఎండిన చోటు నుంచి. నేను ప్లాస్టిక్ కవర్లు పట్టుకొని నిలబడ్డాను.

"ఏమైంది ఆంటీ?"

"చప్పగా ఉందయ్యా."

నేనూ ఒక ముక్క నమిలాను. అట్టముక్క నమిలినట్టుంది, ఉప్పన్నది లేదు.

"వాన నీళ్ళకి కొట్టుకపోయిందేమో" అన్నాను.

"పైన రేకు ఉందిగా" అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. లారీ డ్రైవర్లని అడిగే గొంతు. "మన యార్డులో నువ్వు శాంపిల్ ఎక్కణ్ణుంచి తీశావు?"

"కట్టల పైనుంచి తీసిన. లోపల్నుంచి కూడ తీసిన."

"లోపల ఎంతుంది?"

"లోపల బాగా తక్కువ ఆంటీ. పైపొరలోనే ఎక్కువున్నది. పైన చిమ్మింది కదా, అట్లనే ఉంటది అని ల్యాబోళ్ళు అన్నరు."

ఆవిడ ఒక కట్ట మీద కూర్చున్నారు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆ ఉప్పు నాది బాబూ" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"మా వైపు తుపానొచ్చి వరి పనలు తడిస్తే, కుప్ప వేసేటప్పుడు వరసకో దోసెడు ఉప్పు చల్లుతాం. లేకపోతే వేడెక్కి బూజు పడతది, మొలకలొస్తయి. మా అమ్మ చల్లేది, నేనూ చల్లా. ఈయన కట్టలు తడిగా వచ్చినయ్యి కదా. గేదెకి బూజు మేత ఎట్టా పెడతాం? మంచు కోసం తెచ్చిన ఉప్పు బస్తాలు యార్డులో ఉన్నయ్యిగా. అందులోంచి చల్లా. ఈయన కట్టల మీదే చల్లా. రోజూ చల్లా."

నిజం గేదెకైతే ఆ ఉప్పు మంచే చేసేది. మా ట్యాంకుకి కాదు. ఆ తేడా ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పాలని తోచలేదు. ఆయన మీద అనుమానంతో విడిగా పేర్చిన కట్టలు, వాటికి బూజు పడుతుందన్న అనుమానంతో చల్లిన ఉప్పు, చివరికి అదే ఆయన మీద సాక్ష్యం.

"సోమవారం మేనేజర్‌తోటి చెప్దాం ఆంటీ" అన్నాను. "ఎవరూ ఏమనరు."

ఆవిడ వినడం లేదు. తల ఒక పక్కకి వంచి ట్రాక్టర్ చప్పుడు వింటున్నారు.

"ఆయన ఏం దున్నుతున్నాడు?" అన్నారు.

కొట్టం వెనక్కి వెళ్ళాం. ఆయన గడ్డి దున్నేస్తున్నాడు. మూడేళ్ళ దుబ్బులు వేళ్ళు పైకి తేలి, బోర్లా పడి, పొలం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నల్లగా ఉంది. అవతల కాలవ గట్టు పక్కన మాత్రం ఇంకా దున్నని గడ్డి మోళ్ళు ఒక పట్టీలా మిగిలాయి. ట్రాక్టర్ అటే తిరుగుతోంది.

ఆంటీ చాలులకడ్డంగా నడక మొదలుపెట్టారు. ఒక బూటు బురదలో దిగబడిపోతే దాన్ని అక్కడే వదిలేసి మేజోడుతో నడిచారు. రెండు చేతులూ పైకెత్తి ట్రాక్టర్ ముందుకెళ్ళి నిలబడ్డారు. నేను బూటు లాక్కొని వెనకాలే పరిగెత్తాను. ఆయన ఇంజను ఆపి, మెల్లగా కిందికి దిగాడు.

ఆవిడ ఇంగ్లీషులో పొడవైన వాక్యాలుండవు. "ఉప్పు మీది కాదు" అన్నారు. "ఉప్పు నాది. నేనే వేశాను. మీ పొలం మంచిది."

దేన్నైనా మంచిదని ఆవిడ మెచ్చుకోగా నేను వినడం అదే మొదటిసారి. ఆయన ఆవిడ వంక చూసి, నా వంక చూశాడు. నేను ఏం జరిగిందో చెప్పాను. అంతా విన్నాడు. దున్నిన వైపు ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత, నేనెన్నడూ వినని ఒక పెద్ద మాట అన్నాడు. తన ప్రతి కట్టలోనూ ఆవిడ చెయ్యి పెట్టి చూడటం ఇన్నాళ్ళూ చూశానని, అంత జాగ్రత్తగా చూసే మనిషి ఉందంటే ఉప్పు ఉండే ఉంటుందని అనుకున్నానని, అందుకే తన మట్టిని తాను పరీక్ష చేయించుకోవాలని కూడా తోచలేదని. మొక్కజొన్నకైనా పనికొస్తుందని దున్నడం మొదలుపెట్టాడట.

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఆవిడ తట్టుకునేవారు.

"ఇది మళ్ళీ వస్తదా?" అని ఆవిడ తెలుగులోనే అడిగారు, చేత్తో చూపిస్తూ. ఆయనకి అర్థమైంది. బోర్లా పడ్డ దుబ్బొకటి బూటుతో తిప్పి చూశాడు. కొత్తగా వేస్తే వస్తుంది, మళ్ళీ మూడేళ్ళు అన్నాడు. కాలవ గట్టు పక్కన మిగిలిన పట్టీ చూపించి, అది దున్నను అన్నాడు. తర్వాత ఒక చేత్తో ఆవిడని పట్టుకొని, బూటు తొడుక్కునేదాకా పడిపోకుండా నిలబెట్టాడు.

సోమవారం ఆవిడ కోటైనా విప్పకుండా మేనేజరు గదిలోకి వెళ్ళారు. ఇంగ్లీషులో తప్పులు పోతే సరిచెయ్యమని నన్నూ రమ్మన్నారు. సరిచెయ్యడానికేమీ లేకపోయింది. మేనేజరు విని, తెలియక చేశారు, ఇకమీదట చల్లకండి, ఇంతటితో వదిలేద్దాం అన్నాడు. ఆవిడ గేటు తాళాలు బల్ల మీద పెట్టారు. తనకి ఆ ఉద్యోగం ఇక వద్దన్నారు. ఆ రైతుతో ఒప్పందం మళ్ళీ రాయాలని, మిగిలిన పట్టీలో ఎంత గడ్డి వస్తే అంతా తీసుకోవాలని, దున్నేసిన చోట మళ్ళీ వేసుకోవడానికి విత్తనం కంపెనీయే ఇవ్వాలని చెప్పారు. మేనేజరు ఒప్పుకొని, మధ్యాహ్నం ఫోన్ చేస్తానన్నాడు.

"మధ్యాహ్నం కాదు" అన్నారు ఆంటీ. "ఇప్పుడే చెయ్యండి. స్పీకర్లో పెట్టండి."

ఆయన చేశాడు. అటువైపు నుంచి సరే అన్న మాట ముగ్గురం విన్నాం. అప్పుడు లేచారు.

ట్యాంకు నీళ్ళు చాలావరకు తీసేసి, కొత్త నీళ్ళూ పేడా పోసి, ఎండాకాలానికి మళ్ళీ దారిలో పెట్టాం. అదంతా తర్వాత సంగతి. ఆ సోమవారం సాయంత్రం ఆవిడ నా కారులో చివరిసారి ఇంటికొచ్చారు. వెనక సీటులో హెల్మెట్టు లేదు, ఒళ్ళో టిఫిన్ డబ్బా సంచి ఒక్కటే. బ్రాంప్టన్ దాకా జీపీఎస్‌ని ఒక్కసారీ ఎందుకని అడగలేదు. మా వీధికి ముందు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నా వైపు తిరిగారు.

"చలికాలమంతా చల్లా కదా బాబూ. పట్టపగలు, అందరి ముందరే. నువ్వు చూశావా లేదా?"

"చూసిన ఆంటీ."

"ఏమనుకున్నావు?"

"ఐస్ కోసం అనుకున్న. ఈ దేశంల చలికాలం ఉప్పు చల్లుతుంటే ఎవరడుగుతరు?"

పచ్చలైటు పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఆవిడ సంచి సర్దుకొని కిటికీ వైపు తిరిగారు.

"నేనైతే అడిగేదాన్ని" అన్నారు.